చిన్న కంప్యూటరును మేల్కొలపటం: రెండు గ్రంథాల పరిశీలన

ఆత్మకూరుకు దగ్గరలోనే కృష్ణానదిపై జూరాల ఆనకట్ట ఉన్నది. అక్కడి జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 39 మెగావాట్ల శక్తిగల యంత్రాలు 6 ఉన్నాయి. దానిని చూచి వచ్చిన విద్యార్థులలో ఎవరో ఒకరు తరగతిలో ఈ ప్రశ్న వేయక మానరు: "కరెంటు పుట్టించే యంత్రం ఆగిపోతే, దాన్ని మళ్ళీ నడపటానికి మొదటి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది సార్?" ఇది మంచి ప్రశ్న. ఏ జలవిద్యుత్ కేంద్రంలోనైనా టర్బైనుకు నీటిని విడిచే రెక్కలు తెరుచుకోవటానికి ఒత్తిడిలో ఉంచిన నూనె కావాలి. జనరేటరులో అయస్కాంత క్షేత్రం మొదలు కావటానికి బ్యాటరీల నుంచి కొంచెం విద్యుత్తు కావాలి. ఈ స్వల్పశక్తి పెద్ద శక్తిని కదిలిస్తుంది. ఆ పెద్ద శక్తి తరువాత తన్ను తానే నిలుపుకుంటుంది.

కంప్యూటరు మేల్కొనటం కూడా ఇట్లాంటిదే. మీట నొక్కిన క్షణంలో దానికి దాదాపు ఏమీ తెలియదు. తనలో ఉన్న మెమొరీని వాడుకోవటం కూడా తెలియదు. ఒక చిన్న ప్రోగ్రాం కొంచెం పెద్ద ప్రోగ్రాంను, అది ఇంకా పెద్దదానిని లేపుతూ పోగా, చివరకు మనకు ఉపయోగపడే యంత్రం సిద్ధమవుతుంది. దీనికే బూటింగ్ అని పేరు. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని పైకి లేచాడనే పాశ్చాత్యుల చమత్కారం నుంచి ఈ మాట పుట్టింది.

ఇంట్లోని వైఫై రౌటరు, టీవీ క్రింద ఉండే సెట్‌టాప్ బాక్సు, దుకాణంలోని కెమెరాల రికార్డరు మొదలైన వాటి లోపల అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు ఉంటుంది. దానిని నడిపేది చాలాచోట్ల లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కెర్నెల్, అనగా యంత్రభాగాలకూ ప్రోగ్రాంలకూ మధ్య నిలిచి పెత్తనం చేసే ప్రోగ్రాం, ఎవరైనా తెచ్చుకొని తమకు కావలసినంత మేరకే నిర్మించుకోవటానికి వీలైనది. ఇట్లా సొంత వ్యవస్థను నిర్మించి చిన్న బోర్డుపై నడపటం ఇప్పుడు మన విద్యార్థులకు ప్రాజెక్టు విషయమైంది. వారు ఆధారపడే రచనలలో ముఖ్యమైనవి రెండు: 'లైనక్స్ ఫ్రం స్క్రాచ్' అనే గ్రంథం, 'బిల్డ్‌రూట్' అనే సాధనంతోపాటు వచ్చే కరదీపిక. రెండూ ఇంగ్లీషులో వ్రాసినవి, రెండూ ఉచితంగా దొరికేవి. అవి మన విద్యార్థికి ఎంతవరకు గురువులు కాగలవో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలమానం ఏది?

ఒక విద్యార్థి తాను నిర్మించిన వ్యవస్థను చిన్న మెమొరీ కార్డుపై వ్రాసి, బోర్డును లేపి, నాకు చూపించాడు. తెరపై అక్షరాలు బారులు తీరి, చివరకు పేరు అడిగే గీత వచ్చింది. అతని సంతోషం సహజమే. నేను కార్డులోని సూచనల ఫైలు తెరచి, మూల ఫైల్ సిస్టమ్ ఏ విభాగంలో ఉన్నదో చెప్పే మాటలో ఒక్క అంకె మార్చి తిరిగి ఇచ్చాను. ఈసారి యంత్రం సగంలో నిలిచిపోయి ఏదో సందేశం వ్రాసింది. అతడు ఆ సందేశాన్ని చదవలేదు. ఇంటికి వెళ్ళి మొత్తం వ్యవస్థను మొదటినుంచి మళ్ళీ నిర్మించి, కార్డును మళ్ళీ వ్రాసి తెచ్చాడు. యంత్రం లేచింది. ఎందుకు ఆగిందో, ఎందుకు లేచిందో మాత్రం అతనికి తెలియలేదు. ఆ రెండు గంటలూ కంప్యూటరు పని చేసింది గాని విద్యార్థి పని చేయలేదు.

తప్పు అతనిది అనలేను. అతడు చదివినవన్నీ యంత్రం లేస్తే పని ముగిసిందనే చెప్పాయి. కాని ఇటువంటి రచనకు సరియైన పరీక్ష వేరొకటి ఉన్నది: యంత్రం లేవనప్పుడు ఎక్కడ చూడాలో పాఠకునికి తెలిసిందా? ఈ ఒక్క ప్రశ్నతోనే రెండు రచనలనూ చూద్దాం. అంతకుముందు లేచే క్రమాన్ని క్లుప్తంగానైనా తెలుసుకోవాలి.

చేతులు మారే వరుస

2013లో వచ్చిన బీగుల్‌బోన్ బ్లాక్ అనే బోర్డును ఉదాహరణగా తీసుకుందాం. దీని వెల కంటె దీని నిష్కాపట్యం మనకు ముఖ్యం. ఇది తన మేలుకొలుపులోని అంగలను దాచదు.

విద్యుత్తు రాగానే చిప్పు లోపల శాశ్వతంగా ముద్రించిన చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. దానిని ఎవరూ మార్చలేరు. తరువాతి ప్రోగ్రాం కోసం అది బోర్డుపైని నిల్వ చిప్పులో, కార్డులో, తరువాత సీరియల్ తీగ వద్ద ఒక వరుసలో వెదుకుతుంది. ఎక్కడా దొరకకపోతే సీరియల్ తీగపై 'సి' అనే ఇంగ్లీషు అక్షరాన్ని మాటిమాటికి పంపుతూ ఉంటుంది. "ఏదైనా ప్రోగ్రాం ఉంటే ఇటు పంపండి" అని దాని అర్థం. ఇది తెలియనివాడు బోర్డు చెడిపోయిందనుకుంటాడు.

దొరికితే రెండవ ప్రోగ్రాం వస్తుంది. బోర్డుపై 512 మెగాబైట్ల మెమొరీ ఉన్నా, దాని నియంత్రకాన్ని సరిచేసేంతవరకు అది లేనట్టే. అప్పటికి చిప్పు లోపల ఉన్న నూరు కిలోబైట్ల చోటే దిక్కు. అందుచేత ఈ రెండవ ప్రోగ్రాం చాలా చిన్నదిగా ఉండాలి. అది పెద్ద మెమొరీని తెరిచి, యూ-బూట్ అనే మూడవ ప్రోగ్రాంను అందులోకి తెస్తుంది. యూ-బూట్ కెర్నెల్‌నూ, డివైస్ ట్రీ అనే వివరణ పత్రాన్నీ మెమొరీలోకి తెచ్చి, కెర్నెల్‌కు పెత్తనం అప్పగిస్తుంది.

ఈ డివైస్ ట్రీ ఎందుకు? పెద్ద కంప్యూటరులో చాలా భాగాలను "నీవెవరు?" అని అడిగితే అవి జవాబు చెబుతాయి. చిన్న బోర్డుపైని చాలా భాగాలకు ఆ నేర్పు లేదు. క్రొత్తగా వచ్చిన తహసీల్దారుకు ఏ సర్వే నంబరులో ఎవరి పొలమున్నదో పహాణీ చూస్తేగాని తెలియనట్లే, ఏ చిరునామాలో ఏ భాగమున్నదో కెర్నెల్‌కు ఈ పత్రం చూస్తేగాని తెలియదు. పహాణీలో తప్పు పడితే పొలం ఉన్నచోటనే ఉంటుంది, అధికారి మాత్రం వేరొకచోటికి పోతాడు. ఇక్కడా అంతే.

కెర్నెల్ చివరగా మూల ఫైల్ సిస్టమ్‌ను తగిలించుకొని, అందులోని ఇనిట్ అనే మొదటి ప్రోగ్రాంను నడుపుతుంది. తక్కిన ప్రోగ్రాంలకు అదే తల్లి. ఇట్లా పెత్తనం నాలుగుసార్లు చేతులు మారుతుంది. యంత్రం ఆగిందంటే ఈ నాలుగింటిలో ఒకచోట ఆగిందన్నమాట.

లైనక్స్ ఫ్రం స్క్రాచ్

గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో ప్రారంభించిన ఈ గ్రంథాన్ని స్వచ్ఛంద రచయితలు ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్నారు. మూల ప్రోగ్రాంలను ఒక్కొక్కటే తెచ్చి, చేతితో నిర్మించి, చివరకు పూర్తి వ్యవస్థను సాధించటం దీని మార్గం.

దీనిలో మెచ్చుకోదగిన గుణాలు మూడు. మొదటిది, ప్రతి ప్రోగ్రాం దగ్గరా ఆజ్ఞను ఇచ్చి ఊరుకోక, అందులోని ముఖ్యమైన మాటలు ఎందుకున్నాయో చెబుతుంది. ఆ ప్రోగ్రాం వ్యవస్థకు ఏమి ఇచ్చిందో జాబితాగా వ్రాస్తుంది. రెండవది, కాలాన్ని కొలిచే పద్ధతి. ఒకరి కంప్యూటరు వేగం వేరు, మరొకరిది వేరు. అందుచేత మొదట నిర్మించే ప్రోగ్రాంకు మీ యంత్రంపై ఎంత కాలం పట్టిందో అదే ఒక ప్రమాణం అని చెప్పి, తక్కినవాటి కాలాన్ని దాని గుణిజాలలో ఇస్తుంది. భౌతికశాస్త్రం బోధించేవారికి ఇంతకంటె సంతోషకరమైన పద్ధతి ఉండదు. ప్రమాణమంటే ఏమిటో విద్యార్థి తన బల్లమీదనే నేర్చుకుంటాడు.

మూడవది అన్నిటికంటె విలువైనది. సీ లైబ్రరీని నిర్మించిన వెంటనే ముందుకు పోనీయక, చిన్న ప్రోగ్రాం ఒకటి వ్రాయించి, అది ఏ లింకరును కోరుతున్నదో పరీక్షించి చూడమంటుంది. జవాబు సరిగా రాకపోతే ముందుకు పోవద్దని హెచ్చరిస్తుంది. ఇది ప్రయోగశాల సంస్కారం.

దోషం కూడా చెప్పాలి. ఈ గ్రంథం ప్రధానంగా బల్లమీది పెద్ద కంప్యూటరును ఉద్దేశించినది. పాఠకుడు అప్పటికే లేచి నడుస్తున్న లైనక్స్ యంత్రంలో కూర్చొని, అదే యంత్రంలో రెండవ వ్యవస్థను నిర్మిస్తాడు. అందుచేత మెమొరీని ఎవరు తెరిచారు, మొదటి ప్రోగ్రాం ఎక్కడినుంచి వచ్చింది అనే ప్రశ్నలు పుట్టవు. మేలుకొలుపుకు కేటాయించిన అధ్యాయం చిన్నది. మన చిన్న బోర్డు సమస్యలలో సగం అక్కడే ఉన్నాయి. పోతే, పేజీలోని ఆజ్ఞలను అర్థం చేసుకోక నకలు చేసుకుంటూ పోయినా వ్యవస్థ నిర్మాణమవుతుంది. రికార్డు పుస్తకాన్ని ప్రక్కవాని దగ్గర చూచి వ్రాసే అలవాటున్న మనకు ఇది అసలే ప్రమాదకరం.

బిల్డ్‌రూట్ కరదీపిక

2001 ప్రాంతంలో చిన్న వ్యవస్థలకు సీ లైబ్రరీని రూపొందిస్తున్నవారు తమ పరీక్షల కోసం చేసుకొన్న సాధనమే నేటి బిల్డ్‌రూట్. 2009 నుంచి పీటర్ కోర్స్‌గార్డ్ దీని నిర్వహణకు పూనుకొన్నారు. మూడు నెలలకొక క్రొత్త కూర్పు వస్తుంది. మన బల్లమీది కంప్యూటరులోని ప్రాసెసరు ఒక జాతిది, బోర్డుపైది మరొక జాతిది. ఒకదానిపై కూర్చొని మరొకదానికి ప్రోగ్రాం తయారుచేసే క్రాస్ కంపైలరును ఇది తానే నిర్మించుకొని, దానితో బూట్‌లోడర్‌ను, కెర్నెల్‌ను, మూల ఫైల్ సిస్టమ్‌ను అన్నిటినీ తయారుచేస్తుంది. పాఠకుడు చేసే పని బోర్డు పేరు చెప్పటం, పట్టికలో కావలసినవి ఎంచుకోవటం, మేక్ అని ఆజ్ఞ ఇవ్వటం మాత్రమే.

మనవంటి ఊళ్ళకు దీనిలో ఒక మేలున్నది. కావలసిన మూలాలన్నిటినీ ముందుగా ఒకచోటికి తెచ్చిపెట్టే ఆజ్ఞ ఒకటి ఉన్నది. మంచి ఇంటర్నెట్ ఉన్నచోట ఒక్కసారి దానిని నడిపి, ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో తెచ్చుకొంటే, నెట్ లేని ప్రయోగశాలలో కూడా నిర్మాణం సాగుతుంది.

కరదీపికలో నిజాయితీ ఉన్నది. ఒక అమరికను మార్చితే ఏయే భాగాలను మళ్ళీ నిర్మించాలో తాను కనిపెట్టలేనని, అనుమానముంటే అంతా తుడిచి మొదటినుంచి నిర్మించమని అదే చెబుతుంది. నిర్మాణం సాగే ఫోల్డరులో మూల ఫైల్ సిస్టమ్‌వలె కనిపించే భాగాన్ని ఎవరైనా నేరుగా కార్డుకు నకలు చేస్తారేమోనని, "ఇది నీ మూల ఫైల్ సిస్టమ్ కాదు" అనే పేరుతోనే అక్కడ ఒక ఫైలు పెట్టింది. అనుమతులు, పరికరాల ఫైళ్ళు అందులో సరిగా ఉండవు కనుక ఈ హెచ్చరిక. పొరపాటు జరిగేచోటనే బోర్డు పాతటమంటే ఇదే.

కాని మన పరీక్షకు నిలుస్తుందా? సందేహాల అధ్యాయంలో ఒక ప్రశ్న ఉన్నది: నెట్‌వర్కు ప్రారంభమవుతున్నదనే సందేశం తరువాత యంత్రం ఆగిపోయిందేమిటని. దానికి జవాబు చక్కనిది. యంత్రం ఆగలేదు, పూర్తిగా లేచింది. పేరు అడిగే ప్రోగ్రాం ఏ సీరియల్ ద్వారం దగ్గర కూర్చోవాలో మీరు చెప్పలేదు, అంతే. ఇట్లాంటి ప్రశ్నలు ఇరవై ఉంటే ఈ కరదీపిక మన కళాశాలలకు పాఠ్యగ్రంథమయ్యేది. కాని ఆ అధ్యాయంలో తక్కిన ప్రశ్నలు చాలావరకు సాధనాన్ని గురించినవి: బోర్డుపై కంపైలరు ఎందుకు లేదు, ఫలానా ప్యాకేజీ పట్టికలో ఎందుకు కనిపించదు అనేవి. కరదీపిక మొత్తం అమరిక సాధనం దృష్టితో ఉన్నదే గాని, యంత్రం లేచే వరుసలో లేదు. బూటింగ్‌ను బోధిస్తానని అది ఎన్నడూ వాగ్దానం చేయలేదు గనుక దీనిని దోషమనటం కంటె పరిమితి అనటం న్యాయం. దానిని గురువుగా నియమించుకొన్న మనదే దోషం.

పాఠకులు రాస్ప్‌బెర్రీ పై సంగతేమిటని అడగవచ్చు. 2012 ఫిబ్రవరి 29న వెలువడిన ఆ బోర్డు పాఠశాలలకు చేసిన మేలు కాదనరానిది. ఐతే సిద్ధంగా దొరికే వ్యవస్థను కార్డుపై వ్రాసుకోవటంలో నిర్మాణమే లేదు. దాని తొలి నమూనాలలో మొదట మేల్కొనేది ప్రధాన ప్రాసెసరు కాదు, బొమ్మలను నడిపే ప్రాసెసరు. అది నడిపే ప్రోగ్రాం మూలం బయటికి ఇవ్వలేదు. ప్రోగ్రాంలు వ్రాయటం నేర్చుకోవటానికి మంచిదే కాని, మేలుకొలుపు నేర్చుకోవటానికి మొదటి బోర్డు కాదు.

రెండింటిలోనూ లేని అధ్యాయం

యంత్రం లేవని సందర్భాలను వరుసగా పెట్టి, ఒక్కొక్కటి ఏ చేతిమార్పు దగ్గర జరిగిందో చెప్పే అధ్యాయం ఈ రెండు రచనలలోనూ లేదు. మచ్చుకు నాలుగు చెబుతాను.

ఒకటి. మూల ఫైల్ సిస్టమ్‌ను తగిలించుకోలేకపోయానని కెర్నెల్ ఆగిపోతుంది. విభాగం పేరు తప్పు కావచ్చు. కార్డును చదివే డ్రైవరును కెర్నెల్ లోపల కలపక, విడి మాడ్యూలుగా కార్డుమీదనే ఉంచి ఉండవచ్చు. అది పెట్టె తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేయటం వంటిది. లేదా కార్డు సిద్ధమయ్యేంతవరకు కెర్నెల్‌ను ఆగమని చెప్పి ఉండరు.

రెండు. ఇనిట్ ఉన్నది గాని నడపలేకపోయాను, తప్పు సంఖ్య 8 అంటుంది. ఆ ప్రోగ్రాం వేరొక జాతి ప్రాసెసరుకు తయారైనది. క్రాస్ కంపైలరుకు బదులు బల్లమీది కంప్యూటరులోని మామూలు కంపైలరును వాడి ఉంటారు.

మూడు. పని చేసే ఇనిట్ ఏదీ దొరకలేదు అంటుంది. కార్డు తీసి చూస్తే ఇనిట్ అక్కడే ఉంటుంది! విద్యార్థి ఎక్కువగా తికమకపడేది ఇక్కడనే. చాలా ప్రోగ్రాంలు ఒంటరిగా నడవవు. మెమొరీలోకి వచ్చినప్పుడు లైబ్రరీలను కలిపే లింకరు ప్రోగ్రాం ఒకటి కావాలి. అది లేకపోయినా కెర్నెల్ చెప్పే మాట 'దొరకలేదు' అనే. దొరకనిది ఇనిట్ కాదు, దానికి తోడు రావలసిన లింకరు. లైనక్స్ ఫ్రం స్క్రాచ్ చేయించిన ఆ చిన్న పరీక్ష విలువ ఇప్పుడు తెలుస్తుంది.

నాలుగు. యంత్రం మౌనంగా ఉంటుంది. కెర్నెల్ తన మాటలను ఏ ద్వారంలో చెప్పాలో తప్పుగా వ్రాస్తే, అది చక్కగా నడుస్తూనే మనకు వినపడని చోట మాట్లాడుతూ ఉంటుంది.

ఈ నాలుగింటినీ చూడటానికి బోర్డు కొననక్కరలేదు. ప్రాసెసరును అనుకరించే క్యూఎము అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నది. దానికి తగిన అమరికలు బిల్డ్‌రూట్‌లోనే ఉన్నాయి. ముందు లేచే వ్యవస్థను నిర్మించి, ఉపాధ్యాయుడు దానిని రోజుకొక విధంగా చెడగొట్టి ఇవ్వాలి. మళ్ళీ నిర్మించటం నిషేధించాలి. సందేశం చదివి, కారణం వ్రాసి, ఒక్క మార్పుతో లేపినవానికే మార్కులు. మూల ఫైల్ సిస్టమ్‌ను కూడా ఒక్కసారైనా చేతితో కట్టించటం మంచిది. 1995లో బ్రూస్ పెరెన్స్ ఒక ఫ్లాపీలో ఇమడాలని వ్రాసిన బిజీబాక్స్ ఇందుకు సరిపోతుంది. అది ఒకే ప్రోగ్రాం. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. దానిని ఒంటరిగా నడిచేట్లు ఒకసారి, లింకరుపై ఆధారపడేట్లు ఒకసారి నిర్మిస్తే మూడవ తప్పు దానంతటదే బోధపడుతుంది.

సందేశపు భాష

విద్యార్థి ఆ సందేశాన్ని ఎందుకు చదవలేదు? అది ఇంగ్లీషులో ఉండటం ఒక కారణమని నా నమ్మకం. దానిని తెలుగులో చూపటం తేలిక కాదు. కెర్నెల్ తెరపై వ్రాసేది సమానమైన గళ్ళలో. ఆ అక్షరాల పట్టికలో 512 ఆకారాలకు మించి చోటు లేదు. మన గుణింతాలు, వత్తులు గళ్ళలో ఇమడవు. వాటిని కూర్చటానికి హార్ఫ్‌బజ్ వంటి ప్రత్యేక లైబ్రరీ కావాలి. యంత్రం పూర్తిగా లేచిన తరువాత ఐతే ఇబ్బంది లేదు. ఆ లైబ్రరీని బిల్డ్‌రూట్ పట్టికలో ఎంచుకొని, తెలుగు ఫాంటును మనం చేర్చుకోవచ్చు. బల్లమీది కంప్యూటరులో తెలుగు సాధ్యమేనని 2005లో వెలువడిన 'స్వేచ్ఛ' వ్యవస్థ చూపింది. లేచేటప్పటి సందేశాలు మాత్రం ఇంగ్లీషులోనే వస్తాయి. కనుక తరచుగా వచ్చే పాతిక సందేశాలకు తెలుగు వివరణ వ్రాసి ప్రయోగశాల గోడకు అంటించటం ఉపాధ్యాయులు ఒక్క ఆదివారంలో చేయగల పని.

తీర్పు

బిల్డ్‌రూట్‌ను కార్ఖానాగా వాడుకోవాలి. లైనక్స్ ఫ్రం స్క్రాచ్‌లో కంపైలరు, సీ లైబ్రరీల నిర్మాణాన్ని చెప్పే అధ్యాయాలను పాఠంగా చదవాలి. తప్పుల అధ్యాయాన్ని మన ఉపాధ్యాయులే తెలుగులో వ్రాసుకోవాలి. మొదటి రెండూ ఉన్నాయి, మూడవదే లేదు.

ఇదంతా కొద్దిమందికి కావలసిన విద్య అనుకోరాదు. 2018లో మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందిన శక్తి ప్రాసెసరు చిప్పు లైనక్స్‌ను నడిపింది. క్రొత్త ప్రాసెసరుకు సిద్ధమైన కార్డు ఎక్కడా దొరకదు. చేతులు మారే వరుస తెలిసినవారే దానిని లేపాలి. ఇంకొక సంగతి. లైనక్స్‌ను లోపల పెట్టి అమ్మినవారు దాని మూలాన్ని కొన్నవారికి ఇవ్వాలన్నది దాని లైసెన్సులోని షరతు. 2003లో ఒక రౌటరు మూలం అట్లా బయటికి వచ్చినందువల్లనే మరుసటి సంవత్సరం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే వ్యవస్థ పుట్టి, ఎందరో తమ ఇంటి రౌటరును తామే మార్చుకోగలిగారు. ఆ హక్కు మన విద్యార్థికీ ఉన్నది. కాని ఆగిపోయిన యంత్రం వ్రాసిన ఒక్క వాక్యాన్ని చదవలేనివానికి ఆ హక్కు ఎందుకు పనికివస్తుంది?

నేను అంకె మార్చి ఇచ్చిన ఆ విద్యార్థి మరుసటి వారం తానే ఒక కార్డు తెచ్చి, "దీన్ని నేను చెడగొట్టాను, ఎక్కడో చెప్పండి సార్" అన్నాడు. నాకు పావుగంట పట్టింది.